విద్యాలయపు వాకిలి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున మన ప్రాంతపు పురాతన విద్యాసంస్థ యొకదాని చరిత్రను గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. పగలు పద్దుల పుస్తకము, రాత్రి భారత భాగవతములు. నా చదువంతయు ఇంతే. అయినను లెక్కలు వ్రాయువానికి ఒక అలవాటు కలదు. ఏ పుస్తకము చేతికి వచ్చినను, జమ ఎవరి పేర ఉన్నది, ఖర్చు ఎవరి పేర పడినది, కట్టకడపట నిలువ ఎంత తేలినది అని అడుగును. ఒక పాఠశాల చరిత్రను ఆ మూడు ప్రశ్నలతో చదివిన ఎట్లుండునో మీ ముందుంచుటయే నేటి నా ప్రయత్నము.

నేను ఎంచుకొన్నది విశాఖపట్టణమునందలి సెయింట్ అలోషియస్ ఉన్నత పాఠశాల. అది 1847లో నెలకొన్నది. కథోలిక క్రైస్తవుల విచారణ నీడలో పుట్టి పెరిగిన బడి. డొంకరాయిలో జరుగు ఉత్సవమునకు సముద్రపుటొడ్డునున్న బడి ముచ్చట ఏల అని మీలో కొందరికి తోచవచ్చును. దానికి సమాధానము ప్రసంగము చివరకు మీకే దొరకును. ఇప్పటికి ఒక్క మాట చెప్పెదను. ఏ విద్యాలయమునకైనను గోడల ఎత్తు కొలత గాదు, వాకిలి వెడల్పే కొలత. ఆ వాకిలి ఎవరి కొరకు తెరవబడినది, తరువాత ఎవరు లోనికి రాగలిగిరి, ఇంకను ఎవరు వెలుపల నిలిచియున్నారు అను విషయము ఆ బడి చరిత్రయందు చక్కగా కనబడును.

ముందుగా "విచారణ" యను మాటను గూర్చి కొంచెము చెప్పవలెను. మన కచేరీలలో విచారణ యనగా సాక్షులను పిలిచి ప్రశ్నించుట. తెలుగు కథోలికుల వాడుకలో అది వేరు. ఒక గురువు యొక్క పోషణలో నుండు కొన్ని ఊళ్ళ సమూహమును వారు విచారణ యందురు. అచ్చటి గురువు విచారణ గురువు. అట్టి విచారణలు అనేకములు కలిసిన మేత్రాసనము. దాని అధిపతి మేత్రాణులు. ఒకరి బాగోగులు విచారించుట యను పాత తెలుగు అర్థమే అందులో నిలిచియున్నది. వారి సంప్రదాయమున గుడి ఉన్నచోట బడి యుండుట కూడ సాధారణము.

ఇక ఈ బడిని స్థాపించినవారు ఎచ్చటివారో చూతము. వారు సముద్రతీరవాసులు గారు, మనవలెనే కొండవారు. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతముల నడుమ సవాయ్ అను సీమ కలదు. అది 1860లో ఫ్రాన్సు దేశమున కలిసినది గాని, అంతకు పూర్వము సార్డీనియా రాజ్యములోనిది. ఆ సీమలో ఒక సరస్సు ఒడ్డున అన్నెసీ యను పట్టణమున్నది. 1567 మొదలు 1622 వరకు జీవించిన ఫ్రాన్సిస్ డి సేల్స్ అను మేత్రాణులు ఆ పట్టణమున నివసించిరి. వారి యౌవనమున ఒక ప్రాంతపు జనులు వారి ప్రసంగములు వినుటకు రాకపోగా, వారు తాము చెప్పదలచినది కాగితములపై వ్రాసి, ఇండ్ల తలుపుల సందులగుండ లోనికి జారవిడిచిరట! మనిషికి మూతబడిన తలుపు కాగితమునకు తెరచుకొన్నది. అందుచేతనే 1923లో కథోలిక సభవారు ఆయనను రచయితలకును పత్రికా రచయితలకును పోషకునిగా ప్రకటించిరి. గ్రంథాలయోత్సవమున తలచుకొనదగిన పేరే గదా!

ఆయన పేర పియర్ మరీ మెర్మియే అను గురువు 1838లో ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘమువారు 1845లో స్వదేశము విడిచి పుదుచ్చేరి చేరిరి. మరుసటి సంవత్సరము, అనగా 1846లో, విశాఖపట్టణమునకు వచ్చిరి. సూయజ్ కాలువ తెరచుటకు ఇంకను 23 ఏండ్లు కలవు. మంచుకొండలలో పుట్టినవారు మన ఎండలకును, జ్వరములకును, తెలియని భాషలకును ఎదురు వచ్చిరి. వచ్చిన మరుసటి యేడే బడి పెట్టిరి. ఇల్లు కుదురుకొనక మునుపే బడి కుదుర్చుకొనుట గమనింపదగినది.

అప్పటి విశాఖపట్టణము నేటి మహానగరము గాదు. ఓడరేవు 1933లో గాని తెరవబడలేదు. మద్రాసు కలకత్తాల నడుమ తీరము వెంబడి రైలుమార్గము 1890 తరువాతి మాట. 1847లో అది కంపెనీ దొరల కచేరీలు, కొందరు వర్తకులు, బెస్తవారి పేటలు, ఒక సైనిక పటాలము గల చిన్న పట్టణము మాత్రమే. పాతనగరమున సోల్జర్‌పేట యను పేట పేరు ఆ సిపాయిల కాలమును నేటికిని జ్ఞాపకము చేయుచున్నది. కంపెనీ సేనలోని తెల్ల సిపాయిలలో ఐర్లండు దేశపు కథోలికులు పలువురు. వారి బిడ్డలకును, ఇచ్చటి స్త్రీలను పెండ్లియాడగా కలిగిన సంతతికిని చదువు చెప్పువారు లేకపోయిరి. తండ్రి యుద్ధమునకో జ్వరమునకో బలియైనచో, ఆ బిడ్డలు ఇటు ఊరివారికిని గాక, అటు దొరలకును గాక వీధిపాలగుచుండిరి.

అట్టి బాలుర కొరకు పుట్టినది ఈ బడి. ఈ సంగతి దాచవలసిన పనిలేదు. మొదటి పద్దు వ్రాసిననాడు దానిలో తెలుగు పల్లెల బాలుని పేరు లేదు. కొండ బాలుని పేరు అసలే లేదు. వాకిలి మొదట ఇరుకైనదే. క్రైస్తవ మతప్రచారము ఆ గురువుల ఉద్దేశములలో ముఖ్యమైనదే యనుటయు అంతే నిజము. ఆ విషయమున ఎవరి అభిప్రాయము వారికుండవచ్చును. నేను చూచునది ఆ బడి పద్దు ముందునకు ఎట్లు నడచినదని.

పేరును గూర్చి కూడ కొంత చెప్పవలెను. అలోషియస్ గొన్సాగా యనువాడు ఇటలీలో 1568లో ఒక ప్రభువునకు జ్యేష్ఠపుత్రుడై పుట్టెను. తనకు రావలసిన ప్రభుత్వమును తమ్మునికి విడిచి సన్యసించెను. రోము నగరమున మహామారి వ్యాపించినపుడు రోగులకు సేవచేయుచు, ఆ రోగమే తనకు సోకగా 1591లో, 23 యేండ్ల ప్రాయమున మరణించెను. విద్యార్థులకును యువకులకును ఆదర్శముగా ఆయనను సభవారు నిలిపిరి. ఈ కథ విన్నపుడు నాకు నాగానందములోని జీమూతవాహనుడు తలపునకు వచ్చును. రాజ్యము తృణముగా నెంచి, శంఖచూడుని ప్రాణమునకు తన దేహమును ఒడ్డిన మహానుభావుడాతడు. దేశములు వేరు, మతములు వేరు. త్యాగమునకు మాత్రము రెండు తల్లి భాషలు లేవు.

బడి పుట్టిన రెండేండ్లకు, అనగా 1849లో, అదే అన్నెసీ పట్టణమునుండి సెయింట్ జోసెఫ్ సభకు చెందిన కన్యాస్త్రీలు మన గోదావరి ముఖమునందలి యానాములో దిగిరి. యానాము అప్పుడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. వారి రాకతో బాలికల చదువును గూర్చిన తలంపు ఈ తీరమున వేరూనినది. ఆడపిల్లకు అక్షరము చెప్పిన వైధవ్యము వచ్చునని పెద్దింటివారే నమ్మిన దినములవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు పుట్టినదే 1848లో! వారు పెరిగి ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టుటకు ఇంకను పాతికేండ్లు పట్టినది.

1850లో విశాఖపట్టణ మిషను ఒక ప్రత్యేక మండలముగా ఏర్పడినది. తెయోఫిల్ నేరె యను వారు దానికి మొదటి అధిపతి. ఆ మండలపు ఎల్లలు వినిన ఆశ్చర్యము కలుగును. ఇటు గోదావరి నుండి అటు ఒరిస్సా వరకు, పడమట నాగపురము దాటి వ్యాపించియుండెను. ఆ విస్తీర్ణములో మన తూర్పు కనుమలును కలవు. ఆ సంఘమువారే 1870లో నాగపురమునందు తమ పోషకుడైన ఫ్రాన్సిస్ డి సేల్స్ పేర పాఠశాల స్థాపించిరి. 1886లో విశాఖపట్టణము మేత్రాసనమైనది. 2001లో అగ్ర మేత్రాసనమైనది. సముద్రపుటొడ్డున పుట్టిన ఒక చిన్న బడి వెనుక ఇంత పెద్ద వంశవృక్షము కలదు.

ఇపుడు లెక్కల విషయమునకు వత్తము. బడి నడచుటకు సొమ్ము ఎచ్చటిది? 1854లో ఛార్లెస్ వుడ్ పంపిన విద్యా నివేదనముతో ప్రైవేటు బడులకు సర్కారువారు సహాయద్రవ్యము ఇచ్చు పద్ధతి వచ్చినది. దీనినే మనము గ్రాంటు అనుచున్నాము. 1860లో గవర్నరు జనరల్ కానింగు ఐరోపావారి బిడ్డల చదువునకు ప్రత్యేక శ్రద్ధ వలెనని ఒక లేఖ వ్రాసెను. అటుతరువాత ఐరోపా బడులకు వేరు నిబంధనలు, వేరు పరీక్షలు, వేరు గ్రాంటు ఏర్పడినవి. ఒకే వీధిలో రెండు బడులుండును. ఒకదాని పిల్లవానికి సర్కారు ఖర్చు ఎక్కువ, రెండవదాని పిల్లవానికి తక్కువ. వాకిలిని ఇరుకు చేసినది మేస్త్రీ గాదు, చట్టమే యని దీనివలన తెలియవలెను.

ఆ చట్టము మారుటకు తొంబదియేండ్లు పట్టినది. 1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది. అదే సంవత్సరమున ఆ బడికి సరిగా నూరేండ్లు నిండినవి. దొరలు ఓడలెక్కిరి. సిపాయిల సంతతివారిలో అనేకులు విదేశములకు తరలిపోయిరి. ఎవరి కొరకు బడి కట్టబడినదో వారే పోవుచున్న వేళ, ఆ గోడలేమి కావలెను?

అపుడు మన రాజ్యాంగకర్తలు చేసిన యేర్పాటు ఎంత నేర్పుగలదో వినుడు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమున 337వ అధికరణము ఆంగ్లో-ఇండియను విద్యాసంస్థలను గూర్చినది. వారికిచ్చు గ్రాంటును ఒక్కసారిగా తెంచివేయలేదు. మొదటి మూడేండ్లు పూర్వమువలెనే ఈయవలెననిరి. తరువాత ప్రతి మూడేండ్లకును వెనుకటి దానికంటె నూటికి పదివంతులు తగ్గింపవచ్చుననిరి. పదియేండ్లు నిండగానే అది ముగియవలెననిరి. నూరు రూపాయలు మొదట వచ్చినచో, తరువాతి మూడేండ్లు 90, ఆపైన 81, చివరి యేడు 72 రూపాయల 90 పైసలు, పిమ్మట సున్న. ఇది లెక్కలవానికి ఇంపైన అవరోహణము. అంతకంటె ముఖ్యమైనది ఆ అధికరణములోని చివరి షరతు. ఆ గ్రాంటు పొందగోరు బడి, ఏటేట చేర్చుకొను పిల్లలలో కనీసము నూటికి 40 వంతులు ఇతర సమాజములవారికి అందుబాటులో నుంచవలెను. లేనిచో గ్రాంటు లేదు.

చూచితిరా! పూర్వము వాకిలిని ఇరుకు చేసినది చట్టమైనట్లే, దానిని తెరచినదియు చట్టమే. అది గొడ్డలితో గాక గొళ్ళెము తీసి తెరచినది. 29వ అధికరణము ప్రభుత్వ ద్రవ్యము పొందు ఏ బడియు మత, కుల, భాషా కారణముచే ఎవరిని త్రోసిపుచ్చరాదని చెప్పినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులు తమ బడులను తాము నడుపుకొను హక్కును కాపాడినది. ఈ రెండింటి నడుమ ఇట్టి పాతబడులు నిలిచినవి. పేరులో ఆంగ్లో-ఇండియను అను మాట మిగిలినది. బల్లలపై కూర్చున్నవారు మాత్రము తెలుగు పిల్లలైరి. శాసనసభలలో ఆంగ్లో-ఇండియనులను నియమించు పద్ధతి సైతము 2020లో 104వ రాజ్యాంగ సవరణ అమలునకు వచ్చుటతో ముగిసినది. రాజ్యము పోయినది, గ్రాంటు పోయినది, నియామకమును పోయినది. బడి నిలిచినది. 2022 నాటికి దానికి 175 ఏండ్లు నిండినవి. కొందరి కొరకు కట్టినది అందరిదగుటయే అది నిలిచినందుకు కారణమని నా నమ్మకము.

మన పూర్వగ్రంథములలో గురుకులపు వాకిలిని గూర్చి రెండు కథలు కలవు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు హారిద్రుమతుడైన గౌతముని ఆశ్రయించెను. నీ గోత్రమేమని గురువడిగెను. గోత్రమేదో తల్లికే తెలియదని, తాను జబాలయను ఆమె కుమారుడనని ఆ బాలుడు ఉన్నదున్నట్లు చెప్పెను. నిజము పలికినందుకు మెచ్చి గురువు లోనికి చేర్చుకొనెను. రెండవది మహాభారతము ఆదిపర్వములోని ఏకలవ్యుని కథ. ఆతడు నిషాదరాజు కుమారుడు, అడవి బిడ్డ. ద్రోణుని వాకిట నిలిచెను. లోనికి చేర్పబడలేదు. మట్టిబొమ్మను గురువుగా నిలిపి, తనకు తానే నేర్చెను. నేర్చినందుకు వ్రేలు దక్షిణగా ఈయవలసి వచ్చెను. నన్నయభట్టారకుడు ఆ కథను తెనిగించి వేయేండ్లు కావచ్చినది. చదివిన ప్రతిసారియు నాకు ఆ వ్రేలికంటె ఆ వాకిలియే కనబడును. ద్రోణుడు ఆనాడు తలుపు తీసియున్నచో వ్రేలు కోయవలసిన అవసరమే లేకపోవును గదా!

ఇక మన వాకిలి సంగతి. తీరమున ఆ బడి పుట్టుటకు ఎనిమిదేండ్ల ముందు, 1839లో, కంపెనీవారు 24వ చట్టము చేసిరి. దానిచే గంజాం, విశాఖపట్టణము జిల్లాల కొండ భాగములు సాధారణ న్యాయస్థానముల పరిధి నుండి తొలగింపబడి, గవర్నరు యొక్క ఏజెంటు పేర కలెక్టరు చేతిలో నుంచబడినవి. "ఏజెన్సీ" యను మాట అట్లు పుట్టినదే. కొండవారి మేలునకే యని చెప్పిరి. కాని పద్దులో చూడుడు: దిగువన 1847లో బడి, ఎగువన 1839లో కంచె. 1845 మొదలు 1861 వరకు కోదుల కొండలలో మెరియా బలులను మాన్పుటకు సర్కారు ప్రత్యేకాధికారులను పంపెను. అట్లు విడిపింపబడిన బిడ్డలలో కొందరిని మిషనరీల పోషణలో నుంచిరి. కొండబిడ్డ అక్షరము చూచుటకు ముందు కత్తినుండి తప్పించుకొనవలసి వచ్చిన కాలమది.

అక్షరము లేకపోవుటవలన కలుగు నష్టమును రంప దేశము అనుభవించినంతగా మరియొకరు అనుభవించియుండరు. 1879లో రంప పితూరీ చెలరేగినది. దానికి కారణములు విచారించిన అధికారులే వ్రాసిరి. మన్సబుదారుని దౌష్ట్యము, చిగురుపన్ను, పోలీసుల పీడనము అందులో ఉన్నవి. వానితోపాటు ఇంకొకటి కలదు. మైదానపు వర్తకులు కొండవారిచే ఏవో కాగితములపై నిశానీ వేయించుకొని, దూరపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది లేకుండ ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను ధాన్యమును తోలుకొనిపోయిరి. సమను వచ్చినదని ప్రతివాదికి తెలియదు. తెలిసినను చదువలేడు. ఈ వృత్తిలో నున్నవాడను గనుక చెప్పుచున్నాను. నిశానీ వేయువాని బొటనవ్రేలు ఏకలవ్యుని బొటనవ్రేలే. ఆతడు ఒక్కసారి కోసియిచ్చెను. చదువురానివాడు ప్రతి కాగితముపైనను కోసియిచ్చుచుండును.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యవీరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడి చేసెను. ఆ వీరుడు మైదానమున చదువుకొని, ఆ చదువుతో కొండకెక్కి వచ్చినవాడు. ఆయన 1924లో అమరుడయ్యెను. ఆ త్యాగము జరిగిన పిమ్మట కూడ కొండకు రహదారి వచ్చినంత వేగముగా బడి రాలేదు.

మన ఊరి చరిత్రయే తీసికొనుడు. సీలేరు నదికి ఆనకట్టలు వచ్చినవి. ఎగువ సీలేరు, దిగువ సీలేరు విద్యుత్కేంద్రములు వెలసినవి. మోతుగూడెము వద్ద 1976–78 సంవత్సరములలో ఒక్కొక్కటి 115 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రములు, మొత్తము 460 మెగావాట్లు నడక సాగించినవి. మన డొంకరాయి కేంద్రము 25 మెగావాట్లది. మన కొండలపై కురిసిన వాన దీపమై దిగువకు పోయినది. పట్టణములలో పిల్లలు ఆ దీపము క్రింద పాఠములు చదివిరి. చదువు మాత్రము దిగువనుండి ఎగువకు ఎక్కి రావలసి వచ్చినది. నీటికి పల్లమెరుగుట సహజము. చదువును మిట్టకెక్కించుటకు మనుష్యప్రయత్నము వలెను. ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన వ్రాసినచో, మన పేర జమ ఎక్కువగా నుండి, మనకు రావలసిన బాకీ ఇంకను మిగిలియున్నట్లు తేలును.

కొంత బాకీ తీరినది. అది చెప్పకపోవుట అన్యాయము. ఆశ్రమ పాఠశాలలు వచ్చినవి. తిండియు వసతియు నిచ్చి చదువు చెప్పుచున్నారు. కేంద్ర ప్రభుత్వము 1997–98లో ఆరంభించిన గురుకుల విద్యాలయములకు పెట్టిన పేరు ఏకలవ్యునిదే! ద్రోణుని వాకిట వెలుపల నిలిచినవాని పేరే వాకిలిపై వ్రాయబడినది. ఆ పేరు పెట్టినవారికి నమస్కారము. 2004లో రాష్ట్రప్రభుత్వము కోయ, కువి, కొండ, సవర మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతుల పిల్లలకు పాఠములు చెప్పు యత్నము మొదలుపెట్టినది. ఇది మిక్కిలి ముఖ్యమైన సంగతి. ఇంట ఒక భాష, బడిలో మరియొక భాష యైనపుడు బిడ్డ మొదటినాడే మూగవాడగును. తరువాత వానిని మందబుద్ధి యందురు. సవాయ్ కొండలనుండి వచ్చిన ఆ గురువులు ఈ దేశపు భాషలు నేర్వనిదే ఇచ్చట పని చేయగలవారు గారు. సముద్రము దాటి వచ్చినవారు నేర్చిన యెడల, ఘాటీ యెక్కి వచ్చు ఉపాధ్యాయుడు కోయమాటలు నాలుగు నేర్వలేడా?

ఉపాధ్యాయుల విషయమున ఇంకొక చిక్కు కలదు. షెడ్యూల్డు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో మూడవ నంబరు జీవో వచ్చినది. నూటికి నూరు కేటాయింపు చెల్లదని 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీర్పును తర్కించు విద్య నాకు లేదు. పంతులు రాని బడికి తాళమే పంతులు అను మాట మాత్రము మన గూడెములలో అందరికిని తెలిసినదే. మన పిల్లలలో ఉపాధ్యాయులు తయారగుటయే దానికి మందు. అందుకు ఐదవ తరగతి దాటి పది వరకు, పది దాటి పైకి పోవలెను. ఏరు పొంగినదని, పోడు పనియున్నదని, చెల్లెలిని ఎత్తుకొనువారు లేరని నడుమ మానిపించిన ప్రతి పిల్లయు మన పద్దులో చేరని పేరే.

ఇచ్చటనే గ్రంథాలయపు పాత్ర కలదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు గ్రంథాలయోద్యమమునకు సంఘము నెలకొల్పిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూరికిని పంపిరి. ఫ్రాన్సిస్ డి సేల్స్ తలుపు సందున జారవిడిచిన కాగితమును, మన పాతూరివారి పడవయు ఒకే పని చేసినవి. మనిషి పుస్తకము చెంతకు రాలేనపుడు పుస్తకమే మనిషి చెంతకు పోవలెనని అవి చూపినవి. బడికి వయసు కావలెను, రుసుము కావలెను, సర్టిఫికెటు కావలెను. గ్రంథాలయమునకు ఇవేవియు నక్కరలేదు. గోత్రమడుగని గురుకులమిది. సత్యకామునికిని ఏకలవ్యునికిని ఇచ్చట ఒకే బల్ల.

అట్లు చెప్పుకొనుటతో సరిపోదు, అట్లు నడుపవలెను. ఇరువదియైదేండ్లు నడపినవారికి వందనములు. ఇకముందు నడపువారికి మూడు విన్నపములు.

మొదటిది. చందాదారుల జాబితాను ఒకసారి గూడెముల వారీగా చదువుడు. ఏ గూడెమునుండి ఒక్క పేరైనను లేదో దానిని గుర్తింపుడు. నెలకొకసారి సంచిలో ఇరువది పుస్తకములు పెట్టుకొని ఆ గూడెమునకు పోవుడు. పడవ లేకున్నను మనకు భుజము కలదు.

రెండవది. ఆశ్రమ పాఠశాల పిల్లలకు సెలవుదినమున ఒక పూట ప్రత్యేకముగా కేటాయింపుడు. వారి వద్ద చందా అడుగవలదు. పుస్తకము చినిగినచో కోపపడవలదు. ఎవరును ముట్టక మెరయుచున్న పుస్తకముకంటె, పదిచేతులు మారి చినిగిన పుస్తకమే గ్రంథాలయమునకు ఎక్కువ శోభ.

మూడవది. మన కోయవారును, కొండరెడ్లును, వాల్మీకులును చెప్పుకొను కథలు, పాటలు, చెట్ల పేర్లు, మందుమూలికల గుణములు పెద్దల నోటనున్నవి. చదువుకొన్న పిల్లలచే అవి వ్రాయించి బీరువాలో నుంచుడు. ఇంతవరకు మైదానపు పుస్తకము కొండకెక్కినది. కొండ పుస్తకము మైదానమునకు దిగవలెను. మన నీరు దిగి వెలుగైనట్లే మన మాటయు దిగి వెలుగగును.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. సముద్రపుటొడ్డు బడి ముచ్చట మనకేల? అది సిపాయిల పిల్లల కొరకు పుట్టినది. పాలకులు మారిరి, చట్టములు మారినవి, సొమ్మిచ్చినవారు పోయిరి. వాకిలి వెడల్పు చేసికొన్నది గనుక నిలిచినది. ఇట్టి సంస్థలకు వయసు గడచిన యేండ్లనుబట్టి వచ్చును. ఆయువు మాత్రము లోనికి వచ్చిన క్రొత్తవారినిబట్టి వచ్చును. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల వయసు వచ్చినది. ఆయువు పోయుట మన చేతిలోనున్నది. స్వర్ణోత్సవము నాటి చందాదారుల పుస్తకమున నేడు ఒక్క పేరును లేని గూడెపు పిల్లల పేర్లు వరుసగా నుండవలెను. ఆ సభలో ప్రసంగింపవలసినవాడు ఆ పిల్లలలో ఒకడు గావలెను, లేదా ఒకతె గావలెను. అపుడు మన పద్దు సరిపోయినదని గీత గీయవచ్చును.

 ఈ గ్రంథాలయము ఆచంద్రార్కము వర్ధిల్లుగాక!